వెబ్‌సైట్ మొరాయిస్తే ముందుగా ఎవరికి తెలియాలి?

2021 ఏప్రిల్ 28, సాయంత్రం నాలుగు గంటలు. పద్దెనిమిదేళ్లు నిండిన వారందరికీ కొవిడ్ టీకా కోసం కొవిన్ పోర్టల్‌లో పేర్ల నమోదు మొదలైన సమయమది. కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్న రోజులు కావడంతో దేశమంతటా లక్షలాది మంది ఒకే క్షణాన ఫోన్లు చేతబట్టుకొని కూర్చున్నారు. కాసేపటికే ఓటీపీ రావడం లేదని, పేజీ తెరుచుకోవడం లేదని సామాజిక మాధ్యమాల్లో ఫిర్యాదులు వెల్లువెత్తాయి. నాలుగు గంటలకు చిన్న అవాంతరం తలెత్తిందని, దాన్ని సరిచేశామని ఆరోగ్య సేతు ఖాతా ప్రకటించింది. పోర్టల్ కుప్పకూలిందన్న వార్తల్లో నిజం లేదని కేంద్ర ప్రభుత్వం వివరణ ఇచ్చింది. నాలుగు నుంచి ఏడు గంటల మధ్య 38 కోట్లకు పైగా అభ్యర్థనలు అందాయని, ఆరంభంలో అవి నిమిషానికి 27 లక్షల చొప్పున వచ్చాయని తెలిపింది. ఆ ఒక్క రోజే కోటి మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు.

పోర్టల్ పనిచేసిందన్న మాట నిజమే కావచ్చు. తనకు ఓటీపీ రాలేదన్న పౌరుడి మాటా నిజమే కావచ్చు. ఓటీపీ సందేశం ఆలస్యంగానైనా ఫోన్‌కు చేరితే నిర్వాహకుల లెక్కలో అది విజయమే. గడువు తీరిన తర్వాత అందుకున్న వ్యక్తికి మాత్రం దానితో పని లేదు. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న దూరాన్ని క్షణక్షణం కొలిచి చూపే ఏర్పాటునే సాంకేతిక నిపుణులు మానిటరింగ్ అంటారు. మనం పర్యవేక్షణ అనుకోవచ్చు.

రేడియో వారికి ఇది కొత్త సంగతి కాదు. స్టూడియో నుంచి బయటికి వెళుతున్న ధ్వనిని వింటే సరిపోదని, శ్రోత వినే పద్ధతిలోనే ఒక రిసీవర్ పెట్టుకొని, గాలిలో ప్రసారమైన ధ్వనిని కూడా వినడం ప్రసార కేంద్రాల్లో పాత అలవాటు. స్టూడియోలో వార్తలు నిక్షేపంగా సాగుతూనే ఉండవచ్చు. ట్రాన్స్‌మిటర్ ఆగితే శ్రోతకు మిగిలేది నిశ్శబ్దమే.

ఈ చిన్న విషయాన్ని అమెరికా ప్రభుత్వం చాలా ఖరీదుగా నేర్చుకుంది. ఆరోగ్య బీమా కోసం 2013 అక్టోబర్ 1న హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్‌ను అక్కడ ప్రారంభించారు. తొలి రోజు నమోదు పూర్తి చేయగలిగినవారు ఆరుగురే. దాన్ని గాడిన పెట్టేందుకు వచ్చిన ఇంజనీర్లకు ముందుగా కనిపించిన లోటు ఏమిటంటే, సైట్ పరిస్థితి ఎలా ఉందో ఒక్కచోట చూపించే తెర ఏదీ అక్కడ లేకపోవడం. ముందు ఆ తెరను అమర్చి, ఆ తర్వాతే వరుసగా మరమ్మతులకు దిగారు. డిసెంబర్ 1 నాటి ప్రభుత్వ నివేదిక ప్రకారం, ఎనిమిది సెకన్లు పట్టే స్పందన సెకను లోపునకు వచ్చింది. ఆరు శాతంగా ఉన్న లోపాలు ఒక శాతం కన్నా తగ్గాయి.

ఇంతకూ ఆ తెర మీద ఏముండాలి? మొదట లోపాల లెక్క. పేజీ దొరకలేదని చెప్పే 404 సంఖ్య చాలామందికి పరిచయమే. నిర్వాహకులు అంతకన్నా ఎక్కువగా భయపడవలసింది 500తో మొదలయ్యే సంఖ్యలకు, ఎందుకంటే అవి తప్పు సర్వర్‌దేనని చెబుతాయి. అయితే కొన్ని లోపాలు సర్వర్ దాకా రానే రావు. పాత ఫోన్‌లోని బ్రౌజర్‌లో ‘సమర్పించు’ మీట పనిచేయకపోతే, ఆ సంగతి సర్వర్‌కు ఎలా తెలుస్తుంది? అందుకే పేజీతో పాటే ఒక చిన్న ప్రోగ్రామును పంపుతారు. తప్పు జరిగిన వెంటనే అది ఏ ఫోన్‌లో, ఏ బ్రౌజర్‌లో, ప్రోగ్రాములోని ఏ వరుసలో జరిగిందో వెనక్కి కబురు చేస్తుంది. 2008లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుగా మొదలైన సెంట్రీ వంటి సాధనాలు చేసే పని ఇదే. ఒకే తప్పు పదివేల సార్లు జరిగితే పదివేల ఫిర్యాదులుగా కాక, ఒకే పద్దు కింద సంఖ్య వేసి చూపుతాయి. రాత్రి పది గంటలకు కొత్త వెర్షన్ పెట్టారు, పదీ ఐదు నుంచి లోపాలు పెరిగాయి అన్న సంబంధం అప్పుడే కంటికి ఆనుతుంది.

రెండోది వేగం. సగటు అంకెను నమ్మి మోసపోయేది ఇక్కడే. వంద అభ్యర్థనల్లో 95కి 0.2 సెకనులో, మిగిలిన ఐదింటికి 20 సెకన్లకు జవాబు వచ్చిందనుకుందాం. సగటు 1.2 సెకన్ల లోపే ఉంటుంది. నివేదికలో అది ముచ్చటగా కనిపిస్తుంది. ఆ 20 సెకన్లు ఎదురు చూసిన ఐదుగురి ఊసే అందులో ఉండదు. కోటి మంది వచ్చే సైట్‌లో ఐదు శాతమంటే ఐదు లక్షల మంది! అందువల్ల అనుభవజ్ఞులు సగటును పక్కన పెట్టి, నూటికి 95వ, 99వ వ్యక్తికి ఎంత సమయం పట్టిందో చూస్తారు. 99.9 శాతం సేవ అందించామని చెప్పుకోవడంలోనూ ఇదే చిక్కు ఉంది. నెలకు 43 నిమిషాలు ఆగిపోయినా ఆ మాట నిలుస్తుంది. ఆ 43 నిమిషాలు అర్ధరాత్రి వచ్చాయా, ఇంటర్ ఫలితాలు విడుదలైన గంటలో వచ్చాయా అన్నది విద్యార్థికి అన్నిటికన్నా ముఖ్యం.

గూగుల్ ఇంజనీర్లు 2016లో వెలువరించిన పుస్తకంలో వేగం, రద్దీ, లోపాలు, యంత్రాల మీద పడిన భారం అనే నాలుగింటిని తప్పక గమనించమన్నారు. వీటిని కొలిచే ప్రొమీథియస్, చిత్రాలుగా చూపే గ్రఫానా ఉచితంగానే దొరుకుతాయి. కాబట్టి చిన్న కార్యాలయాలకు ఖర్చు సాకు కాబోదు.

ఓటీపీ వంటి వ్యవహారంలో లోపం ఎక్కడుందో పట్టుకోవడం మరింత కష్టం. అభ్యర్థన పోర్టల్ నుంచి డేటాబేస్‌కు, అక్కడి నుంచి సందేశాలు పంపే సంస్థకు, చివరికి టెలికాం నెట్‌వర్క్‌కు చేరాలి. రిజిస్టర్డ్ పోస్టుకు నంబరు వేసి, దారిలోని ప్రతి కార్యాలయంలో దాన్ని నమోదు చేసినట్టే, ఒక్కో అభ్యర్థనకూ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, అది ఏ మజిలీలో ఎంతసేపు ఆగిందో రాసుకుంటారు. దీన్ని ట్రేసింగ్ అంటారు.

ఇక హెచ్చరికలు. ప్రతి చిన్నదానికీ గంట మోగితే, రెండో వారానికల్లా ఎవరూ పట్టించుకోరు. వాడుకరికి ఇబ్బంది కలిగినప్పుడే నిద్ర లేపేలా గంటను అమర్చాలి. లోపాలు సున్నా అని కనిపించినా అనుమానించాలి. అసలు ఎవరూ లోపలికే రాలేకపోతున్నారేమో! బయటి నెట్‌వర్క్ నుంచి నిమిషానికోసారి సామాన్య వాడుకరిలా సైట్‌ను తెరిచి చూసే ఏర్పాటు అందుకే అవసరం. కూలి మానుకొని ధ్రువపత్రం కోసం వచ్చిన మనిషికి ‘సర్వర్ డౌన్’ అని చెప్పే ముందే ఆ సంగతి నిర్వాహకులకు చేరాలి.

ఒక జాగ్రత్త ఉంది. జరిగిన ప్రతిదాన్నీ రాసుకునే లాగ్‌లలో ఆధార్ నంబర్లు, ఓటీపీలు కూడా చేరిపోతుంటాయి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చిన దృష్ట్యా, వాటిని నమోదుకు ముందే చెరిపివేసే నిబంధన పెట్టుకోవడం మంచిది.

కొవిన్ నమోదు మొదలైన నాటికి సరిగ్గా ఏడాది తర్వాత, 2022 ఏప్రిల్ 28న, సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కొన్ని ఆదేశాలు జారీ చేసింది. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, కంప్యూటర్ల గడియారాలను జాతీయ సమాచార కేంద్రం లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల కాలమానంతో సరిపోల్చుకోవాలని అందులో ఉంది. అవి సైబర్ నేరాలను దృష్టిలో పెట్టుకొని ఇచ్చినవే అయినా, గడియారాల మాట పర్యవేక్షణకూ వర్తిస్తుంది. రెండు సర్వర్ల మధ్య మూడు నిమిషాల తేడా ఉంటే, పౌరుడు అడగక ముందే ఓటీపీ వెళ్లినట్టు లాగ్‌లో కనిపిస్తుంది.