శాస్త్రీయ పద్ధతి — విషయసూచికా పోషణము

కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1923లో కీర్తిశేషులగు నాటికి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమున మూడు సంపుటములే వెలువడినవి; అవియు అకారమును దాటలేదు. ముద్రితగ్రంథమునందలి దోషము పునర్ముద్రణమున గాని తొలగదు. 2003 డిసెంబరున నారంభమైన తెలుగు వికీపీడియాకు ఆ చిక్కు లేదు. ఎవ్వరైనను దిద్దవచ్చును గనుక ఎల్లప్పుడును కావలి యుండవలసి వచ్చుటయే దాని చిక్కు.

కొల్లేరు కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాలలో నున్నదను వాక్యము చిరకాలము సత్యమే. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా యేర్పడి, కైకలూరు కృష్ణను విడిచి అందు చేరగా నా వాక్యము చెల్లకపోయెను. తాడేపల్లిగూడెము మాత్రము పశ్చిమగోదావరిలోనే నిలిచినది. ఇట్టి దిద్దుబాటునకు ప్రభుత్వపు ప్రకటన యొకటి చాలును. శాస్త్రీయ పద్ధతిని గూర్చిన విషయసూచికను పలువురు కూడి పోషించుట యింత సులభము గాదు.

విషయసూచిక వ్యాసము గాదు. పరిశీలనము, ఊహ, పరీక్ష, నిర్ణయము అను శీర్షికల క్రింద నేది యెచ్చట నుండదగునో చూపునది. కావున నిందు ప్రతి వాక్యమును నిజమైనను, స్థానము తప్పినచో నంతయు తప్పును. మన భాషలో నీ ప్రమాద మధికము. తార్కికులకు సిద్ధాంతమనగా పూర్వపక్షమును నిరసించి నిలిచినది. నేటి వ్రాతలలో పరీక్షకు నిలువని యూహకును అదే పేరు. (ఊహకు 'పరికల్పన' యనియు 'ప్రతిపాదన' యనియు పేళ్లు గలవు. పేరు కొకటి చొప్పున పుటలు పుట్టకుండ జూచుటయు పోషకుని పనియే.)

2020 డిసెంబరు మొదటివారమున ఏలూరిలో వందలకొలది జనులు మూర్ఛతోను తలతిరుగుడుతోను ఆసుపత్రులకు వచ్చిరి. నీటి దోషమనియు, క్రొత్త వైరస్సనియు ఊహలు పుట్టెను. ఢిల్లీ ఎయిమ్సు పరీక్షలలో రోగుల రక్తమున సీసము, నికెలు కనబడెను. పిమ్మట నిపుణుల దృష్టి పురుగుమందులపైకి మరలెను. ఈ యుదంతమును సూచికలో నుదాహరణముగ జేర్చువాడు సీసమును ఎచ్చట నుంచవలయును? రక్తమున సీసమున్నదనుట పరిశీలనము. రోగమునకు సీసమే కారణమనుట ఊహ. ఆ వీథిలోనే రోగము రానివారి రక్తమును గూడ పరీక్షించి, రెంటిని పోల్చిన గాని యది నిర్ణయము వైపు అడుగు వేయదు. తొందరపడి 'నిర్ణయము' క్రింద నుంచినచో, అది చదివిన గృహిణి నీటిని అనుమానించి కూరగాయలను కడుగుట మఱచును. పురుగుమందుల నచ్చట నుంచినచో దీనికి విపర్యయము.

తరువాతి యూహ వచ్చినదని మొదటిదానిని తుడిచివేయుటయు తగదు. పూర్వపక్షము లేని సిద్ధాంతమును మన శాస్త్రకారు లంగీకరింపలేదు గదా! ప్రతి యూహకును తేదీ, ఆధారము వ్రాసి యుంచవలయును. మార్చినవాడు కారణమును చర్చాపుటలో తెలుపవలయును. వికీపీడియాలో ప్రతి మార్పును 'చరిత్ర'లో నిలుచును గాని, సామాన్యపాఠకుడు దానిని తెఱచి చూడడు. కావున త్రోసివేయబడిన యూహకు సూచికయందే, త్రోసివేసిన హేతువుతో కూడ, ఒక పంక్తి యుండవలయును.