నిజాంసాగరపు విద్యుత్కేంద్రము

కామారెడ్డినుండి ఎల్లారెడ్డి మీదుగా పడమటికి సాగిపోయినచో, అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ మంజీరానదికి అడ్డముగా నిలిచిన నిజాంసాగరము కానవచ్చును. ఏడవ నిజాము కాలమున, నవాబ్ అలీ నవాజ్ జంగ్ అను ఇంజనీరు పర్యవేక్షణమున, 1923లో ఆరంభమై 1931లో ముగిసిన ఈ ఆనకట్ట పుట్టినది పైరులకొరకు. విద్యుత్తు తరువాతివారు దానికి జోడించిన ప్రయోజనము. ఈ క్రమమును మరచినవారికి ఇచ్చటి ఉత్పత్తి లెక్కలు అంతుపట్టవు.

కేంద్రమున ఐదేసి మెగావాట్ల యంత్రములు రెండు. అవి దినమెల్ల పూర్ణశక్తితో తిరిగినచో 2,40,000 యూనిట్లు పుట్టవలెను. కాని వానిని త్రిప్పునది ప్రధాన కాలువకు విడిచెడి నీరే. వానాకాలపు నాట్లకో, యాసంగి తడులకో విడిచిన ఆ నీరు దారిలో టర్బైన్లను త్రిప్పి, బొట్టైనను తరుగక పొలములకు పోవును. కాలువ మూసిన నాడు యంత్రములును ఆగును. అట్టి దినములను లెక్కించి కేంద్రము పనికిరానిదనుట న్యాయము కాదు.

జలవిద్యుత్తునకు పడెడి నీటి పరిమాణమెంత ముఖ్యమో, అది పడెడి ఎత్తును అంతే ముఖ్యము. నూటికి పదునైదు పాళ్లు నష్టము పోవుననుకొన్నచో, ఇరువది మీటర్ల ఎత్తునుండి పడు నీరు యూనిట్టుకు సుమారు 22 వేల లీటర్లు కావలెను; ఎత్తు పదునైదు మీటర్లకు దిగినచో 29 వేల లీటర్లు కావలెను. కావున జలాశయము తరిగి, రైతు చివరి తడికై ఎదురుచూచు వేళ, అదే నీరు తక్కువ విద్యుత్తు నిచ్చును.

యంత్రము ముసలిదైనచో దాని భాగములను మార్చవచ్చును. ఇచ్చట అంతకంటె గడ్డు సమస్య పూడిక: తొలినాట 30 టీఎంసీలకు చేరువగా నుండిన నిల్వసామర్థ్యము 18కి లోపునకు దిగినది. దానికితోడు, ఎగువన హైదరాబాదు దాహము తీర్చుటకై సింగూరు ఆనకట్ట వెలసినది. 2016 వేసవిలో అడుగంటిన ఈ జలాశయమే, ఆ సెప్టెంబరు వరదలకు నిండి గేట్లెత్తవలసి వచ్చినది. యంత్రములు మాత్రము అవియే.

అందుచేత దీని ఉత్పత్తిని సంవత్సరమునకు గాక, విడిచిన టీఎంసీకి ఇన్ని యూనిట్లని కొలువవలెనని నా అభిప్రాయము. పై లెక్క ప్రకారము ఇరువది మీటర్ల ఎత్తున ఒక టీఎంసీకి సుమారు 13 లక్షల యూనిట్లు వచ్చును. మరమ్మతుచే సామర్థ్యము 85 నుండి 90 పాళ్లకు పెరిగినచో, కాలువకు ఎట్లును పోవు ఆ నీటినుండియే టీఎంసీకి మరి డెబ్బదివేలకు పైగా యూనిట్లు లభించును.