రామప్ప ప్లానులో ఊరెక్కడ?

ఎడిటర్ గారు చెప్పింది రెండే ముక్కలు. "ములుగు జిల్లా వారసత్వ సంపద మీద కవర్ స్టోరీ. దాన్ని కాపాడటానికి, నలుగురికీ చూపించడానికి సర్కారు ఏం ప్లాను వేస్తోందో రాయండి, బుధవారం రాత్రికి పేజీలు వెళ్లిపోవాలి." ముఖచిత్రం మీద రామప్ప గుడి మదనిక శిల్పం ఉంటుందని ఆర్టిస్టు అప్పటికే తేల్చేశాడు. నాకేం అభ్యంతరం లేదు. ఆ నల్లరాతి నునుపు చూశాక కాదనేవాడు ఎవడు? కాగితాలు ముందేసుకుని కూర్చున్నాక మాత్రం నన్ను పట్టుకుని వదలనిది ఒక పనుల జాబితా.

2022 డిసెంబరు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము రామప్పకు వచ్చి శంకుస్థాపన చేసిన పనులవి. కేంద్ర పర్యాటక శాఖ వారి 'ప్రసాద్' పథకం, సుమారు రూ.62 కోట్ల అంచనా. జాబితా తీరికగా చదవాల్సిందే. పదెకరాల్లో స్వాగత ప్రాంగణం, గుడి చరిత్ర చెప్పే కేంద్రం, 4డి సినిమా హాలు, సామాన్లు దాచుకునే గదులు, ఫుడ్ కోర్టు, బస్సులకూ కార్లకూ పార్కింగు, జ్ఞాపికల దుకాణం, మరుగుదొడ్లు. ఇంకోచోట ఆరుబయలు రంగస్థలం, శిల్పాల పార్కు, పూలతోట. ఆపైన చెరువు ఒడ్డు అభివృద్ధి.

మరుగుదొడ్లు కావాలి, మంచినీళ్లు కావాలి. హైదరాబాదు నుంచి రెండొందల కిలోమీటర్లు ప్రయాణం చేసి పిల్లాపాపలతో దిగినవాళ్లకు నీడ కావాలి. వీటికి పైసా తగ్గించమని ఎవరూ అనరు. సినిమా హాలు దగ్గరే నాకు నవ్వొచ్చింది. ఎనిమిది వందల ఏళ్లుగా మూడు కొలతల్లోనే నిక్షేపంగా కనిపిస్తున్న గుడికి నాలుగో కొలత దేనికో! ముందు శిల్పాన్ని చూసి, ఆ తర్వాత చీకటి గదిలో కూర్చుని అదే శిల్పం బొమ్మ చూడాలా?

అసలు పేచీ అది కూడా కాదు. జాబితాలో ఉన్నవన్నీ పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లకే. చెరువు సంగతి చూడండి. ఆ కాగితంలో అది ఒక 'ఒడ్డు'. నడవటానికి, కూర్చోవటానికి, ఫొటో దిగటానికి. గుడి ఉన్న ఊరు పాలంపేట. అక్కడి రైతుకు చెరువంటే తూము, మత్తడి, కాలువ, దాని కింద మడి. ఏ కాలువకు ఎంత నీళ్లు వదలాలన్నది నీరటికి తెలుస్తుంది. కాకతీయుల కాలంలో గుడి, చెరువు, ఊరు ఒకే కొలువు. నీళ్లు పారితే పంట, పంట పండితే గుళ్లో దీపం. ఆ మూడింటిలో చెరువు ఇప్పటికీ తన పని తాను చేస్తోంది. రామప్ప చెరువు కింద వరి పండుతూనే ఉంది. అంటే ఇది చూసిపోయే కట్టడంగా మిగల్లేదు, నడుస్తున్న కార్ఖానా. దాన్ని ఒడ్డు వరకే చూడటం ప్లాను వేసినవాళ్ల చూపులోని లోపమని నా అభిప్రాయం.

ఈ మాట నేనొక్కణ్నే అనటం లేదు. యునెస్కో దస్త్రంలో రెండు అంకెలున్నాయి. వారసత్వ స్థలం 5.93 హెక్టార్లు, దాని చుట్టూ రక్షణ వలయం 66.27 హెక్టార్లు. గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేరుస్తూనే యునెస్కో కమిటీ ఒక మెలిక పెట్టింది. ఆలయంతో ముడిపడిన నీటి వనరులనూ పరిసరాలనూ కలుపుకునేలా హద్దులు పెంచండి, సమగ్ర పరిరక్షణ ప్రణాళిక పూర్తి చేయండి అంది. ఎక్కడో ఉన్న కమిటీకి చెరువు కనిపించింది.

చరిత్ర కూడా ఉండాలన్నారు కాబట్టి గబగబా చెప్పేస్తాను. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, అసలు పేరు రుద్రేశ్వరాలయం, జనం నోట శిల్పి పేరే నిలిచింది. పునాది కింద ఇసుక, శిఖరానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుక. 2021 జులై 25న ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది, మన దేశం నుంచి 39వది.

ఇక ఊరి సర్కారు, అంటే పంచాయతీ సంగతి. రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆపై రెండొందల మీటర్లు నియంత్రణ. ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ చెప్పేది ఇదే. ఆ వంద మీటర్లలో ఇల్లు కురుస్తుంటే మరమ్మతుకు కూడా పంచాయతీ మాట చాలదు, పురావస్తు యంత్రాంగం అనుమతి ఉండాలి. గుడి చుట్టూ లాడ్జీలు మొలవకుండా ఆపేది ఆ నిబంధనే కాబట్టి దాన్ని నేను తిట్టను. కానీ భారం ఊరిది, నిర్ణయం పైవాళ్లది. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన విషయాలు 29. సాంస్కృతిక కార్యక్రమాలు 21వది, సంతలూ తిరునాళ్లూ 22వది. వారసత్వ కట్టడాల ఊసు లేదు. సర్పంచికి మిగిలేది రాష్ట్రపతి వచ్చినప్పుడు పూలగుత్తి పట్టుకోవటం. ఈ ప్రాంతం కోసం ప్రత్యేక అభివృద్ధి సంస్థ ఉండటం మంచిదే. అందులో ఆయకట్టు రైతుకూ, పంచాయతీ వార్డు సభ్యురాలికీ కుర్చీ వేయనంత కాలం అది ఇంకో ఆఫీసే.

బాక్స్: గుడి పక్కన మిగిలినవి

ఇదే జిల్లా తాడ్వాయి మండలం దామరవాయి అడవిలో పెద్ద పెద్ద బండపలకలతో పేర్చిన ఆదిమ సమాధులున్నాయి. వాటికి ఫుడ్ కోర్టు అక్కర్లేదు. కాపలా కావాలి, దారి చూపే బోర్డు కావాలి. మేడారం జాతరది ఇంకో దారి. విగ్రహాలు లేని గద్దెలు, రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మల రాక. ఇలాంటి ఆచారాలనూ సాంస్కృతిక అస్తిత్వాన్నీ కాపాడుకునే అధికారం గ్రామసభదేనని 1996 నాటి పెసా చట్టం నాలుగో సెక్షను షెడ్యూల్డు ప్రాంతాలకు హామీ ఇచ్చింది. మైదానపు ఊళ్లకు ఆ మాత్రం రాత కూడా లేదు.

బాక్స్: ఐర్లండులో ఎలా చేస్తారు

అక్కడ 1995 చట్టంతో హెరిటేజ్ కౌన్సిల్ ఏర్పడింది. 1999 నుంచి కౌంటీ కౌన్సిళ్లలో, అంటే మన జిల్లా పరిషత్తుల్లాంటి వాటిలో, వారసత్వ అధికారులను పెట్టుకుంటూ వచ్చారు. జనం అభిప్రాయం అడిగి కొన్నేళ్లకోసారి కౌంటీ వారసత్వ ప్రణాళిక రాస్తారు. అందులో కోటలతోపాటు పాత బావులు, రాతి గోడలు, చిత్తడి నేలలు, పక్షులు కూడా ఉంటాయి. మీత్ కౌంటీలో పొలాల పేర్లు సైతం సేకరించి పుస్తకం వేశారు.

మనకు అలాంటి అధికారి లేడు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక మాత్రం ఏటా రాయాల్సిందే, దానికి గ్రామసభ పెట్టాల్సిందే. మీ ఊళ్లో వేపచెట్టు కింద వీరగల్లు ఉందా? పూడిపోయిన మెట్లబావి ఉందా? గ్రామసభకు వెళ్లి, సర్వే నంబరుతో సహా తీర్మానంలో రాయించండి. నకలు అడిగి తీసుకోండి.