కదిలితేనే ఇంటరాక్టివ్ కాదు

యూనివర్సిటీ పరిశోధన కేంద్రానికి కొత్త వెబ్‌సైట్ అనగానే మొదటి కోరిక ఒకటే: హోమ్‌పేజీ కదలాలి. పక్కకు జరిగే ఫొటోలు, పైన పరుగెత్తే అక్షరాలు. ఇదే ఇంటరాక్టివ్ అన్న మాట బాగా పాతుకుపోయింది. దీని దెబ్బ తగిలేది రైతుకు.

2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని దెబ్బతీసినప్పుడు మహబూబాబాద్ రైతుకు కావలసినవి మూడే: పురుగును గుర్తుపట్టే ఫొటో, మందు పేరు, మోతాదు. వరంగల్‌లో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, మల్యాలలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్న ప్రాంతమిది. చెప్పగలవారికి కొరత లేదు. కానీ భూపాలపల్లి అడవి పల్లెల్లో సిగ్నల్ అందీ అందనట్టు ఉంటుంది. బరువైన పేజీ తెరుచుకునేలోపు రైతు మందుల దుకాణానికి వెళ్లిపోతాడు, అక్కడ చేతికిచ్చిందే కొట్టేస్తాడు.

ఇంటరాక్టివ్ అంటే అడిగినదానికి జవాబు దొరకడం. పంట, జిల్లా, నెల ఎంచుకుంటే ఆ సలహా ఒక్కటే రావాలి. ‘వరంగల్ సాంబ’ అని కొట్టినా ‘డబ్ల్యూజీఎల్-14’ అని కొట్టినా అదే వరి వంగడం తెరుచుకోవాలి. జనగామ నుంచి కాకతీయ యూనివర్సిటీలో పీహెచ్‌డీకి వచ్చే విద్యార్థికి ఏ గైడ్ ఏ అంశంపై పనిచేస్తున్నారో అంశం పేరుతోనే తెలియాలి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైప్ చేసిన పీడీఎఫ్ తెర మీద చక్కని తెలుగే. కాపీ చేసి అతికించి చూడండి: ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కలగాపులగం. సెర్చ్‌కు అందేదీ అదే, కాబట్టి ఎంత మంచి కరపత్రమైనా వెతికితే దొరకదు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి పేజీలోనే పెట్టాలి.

తెలుగులో పెడితే స్థాయి తగ్గుతుందంటారు, తగ్గదు. దివ్యాంగులకు అనువుగా చేయడం అదనపు సేవ అంటారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం అది బాధ్యత.

‘వాట్సాప్ ఉండగా వెబ్‌సైట్ దేనికి?’ అన్నదాంట్లో మాత్రం కొంత నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. రైతు ముందు చూసేది అదే. అయితే సలహా నాలుగు గ్రూపులు దాటేసరికి తేదీ ఊడిపోయి, నిరుటి మోతాదు ఈ ఏటి సలహాగా తిరుగుతుంది. గ్రూపులో లింకు పెట్టండి. పేజీ పైనే తేదీ, ఫోన్ నంబరు ఉంచండి. జిల్లాల జాబితాలో 2016లో ఏర్పడ్డ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విడివిడిగా కనిపించాలి, 2019లో విడిపోయిన ములుగు కూడా.

పరీక్ష క్యాంపస్ వైఫైలో చేయకండి. తొర్రూరు బస్టాండులో ఐదుగురికి మామూలు ఫోన్ ఇచ్చి, ‘మిరపకు తామర పురుగు మందు వెతకండి’ అనండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగిపోతే అక్కడ దిద్ది, ఆ తర్వాతే ప్రారంభోత్సవం పెట్టుకోండి.