నక్షత్రం దగ్గర వంతుల జాగారం



పెళ్ళిలో కొత్త దంపతులకు అరుంధతిని చూపించడం మన ఆనవాయితీ కదండీ! ఆ సప్తర్షి మండలం హద్దుల్లోనే, కంటికి ఆనని నక్షత్రం ఒకటుంది. పేరు హెచ్.డి. 80606. దాని చుట్టూ తిరిగే గ్రహాన్ని 2001లో కనిపెట్టారు. దాని దారి గాజులా గుండ్రంగా కాదు, దొండకాయలా కోలగా ఉంటుంది. 111 రోజుల చుట్టులో ఒకసారి నక్షత్రానికి 45 లక్షల కిలోమీటర్ల దగ్గరికొస్తుంది, మళ్ళీ 13 కోట్ల కిలోమీటర్ల దూరం పోతుంది.

కనబడని గ్రహాన్ని చూడటమెలా అంటారా? దీపం ముందు పురుగు పాకితే వెలుగు రవ్వంత తగ్గదూ? ఈ గ్రహం అడ్డొస్తే నక్షత్రం వెలుగు నూటికి ఒక వంతు తగ్గుతుంది. ఆ తగ్గుదలను బట్టే గ్రహం ఎంతుందో లెక్క కడతారు.

చిక్కేమిటంటే, ఆ అడ్డు దాదాపు 12 గంటలు సాగుతుంది. ఈలోగా తెల్లారిపోతుంది! తప్పిపోతే మళ్ళీ 111 రోజులు ఆగాలి.

2009 ఫిబ్రవరి 13 రాత్రి లండన్ శివారు మిల్ హిల్‌లో 35 సెంటీమీటర్ల చిన్న టెలిస్కోపులతో కాపు కాశారు. ఫ్రాన్సులో, స్పెయిన్‌లో కూడా మేలుకున్నారు. ఆరంభం ఎవరికీ దక్కలేదు, అడ్డు తొలగడం మాత్రం చూశారు. ఆరంభాన్ని జూన్‌లో అమెరికాలో పట్టుకున్నారు. 2010 జనవరిలో, రాత్రీ పగలూ బెడద లేని స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు మొత్తం చూసింది. తేలిందేమిటంటే, గ్రహం పరిమాణం మన గురుగ్రహమంతే, బరువు మాత్రం నాలుగింతలు!

ఇంట్లో జబ్బుపడ్డవారి దగ్గర మనం వంతులేసుకుని మేలుకోమూ? తొలిజాములో కూర్చున్నావిడ, తెల్లవారుజామున కూర్చున్నావిడ చెప్పింది కలిపితేనే డాక్టరుగారికి సంగతి బోధపడుతుంది. ఇదీ అంతే.