గానుగ నూనె, గొర్రెల మంద

ఆదోనిలోనో ప్రొద్దుటూరులోనో నూనె మిల్లుకు 100 కిలోల వేరుశనగ పప్పు ఇస్తే నలభై కిలోలకు పైగా నూనె దిగుతుంది, మిగిలినది చెక్క. ఈ రెంటిలో మన నేల సారం ఎందులో ఉన్నది?

నూనెలో ఉన్నవి కర్బనం, ఉదజని, ఆమ్లజని. కర్బనం గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుంచి, ఉదజని వాన నీటి నుంచి వచ్చాయి. వాటిని కూర్చినది సూర్యరశ్మి. కాబట్టి పీపాకెత్తిన నూనెలో పొలం మన్ను ఇచ్చినది దాదాపు ఏమీ లేదు. భాస్వరం, పొటాషియం, నత్రజని చెక్కలోనే ఉండిపోతాయి. 100 కిలోల పప్పులో నత్రజని 4 కిలోలకు పైగా, భాస్వరం సుమారు 400 గ్రాములు ఉంటాయి. ప్రత్తి సంగతీ అంతే. దూది అంటే సెల్యులోజు. నేల సారం గింజలో ఉంటుంది.

పొలమైనా, నల్లమల అడవియైనా, అక్కడి జీవులనూ మట్టినీ నీటినీ గాలినీ కలిపి ఒకే యంత్రంగా చూస్తే దానిని ఆవరణ వ్యవస్థ అంటారు. ఈ భావానికి పేరు పెట్టినది 1935లో టాన్స్‌లీ అనే ఆంగ్లేయుడు. ఇందులో రెండు లెక్కలు నడుస్తుంటాయి. శక్తి సూర్యుని నుంచి ఆకుకు, ఆకు నుంచి గొర్రెకు, గొర్రె నుంచి తోడేలుకో మనిషికో చేరుతుంది. ప్రతి మజిలీలోనూ శ్వాసక్రియ వల్ల చాలా భాగం వేడిగా మారి చెదిరిపోతుంది. ఆ వేడిని ఏ ఆకూ తిరిగి పట్టలేదు. మూలకాల దారి వేరు. అవి చెదిరిపోవు, చేతులు మారుతాయి.

అమెరికాలోని మిన్నెసోటాలో సెడార్ బాగ్ అనే చిన్న సరస్సులో ఈ శక్తి లెక్కను కట్టినవాడు రేమండ్ లిండెమన్. 1942లో ఆ వ్యాసం అచ్చు కాకముందే, 27వ ఏట మరణించాడు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు పదింట ఒక వంతు శక్తి చేరుతుందని మనం పాఠంలో చెబుతాము. లిండెమన్ లెక్కలో శాకాహారులకు 13.3 శాతం, వాటిని తినేవాటికి 22.3 శాతం వచ్చింది. పది శాతం అనేది ఉరామరి అంచనా అని విద్యార్థులకు చెప్పడం మంచిది.

ఇప్పుడు గొర్రెను చూద్దాము. అది మేసిన గడ్డిలోని శక్తి చాలావరకు ఒంటి వేడిగాను, నడకకు, అరగని పీచుగాను పోతుంది. మాంసంగా నిలిచేది కొద్ది. కాని తిన్న నత్రజని, భాస్వరాలలో ముప్పాతిక వంతుకు మించి పెంటికలు, మూత్రం రూపంలో బయటికి వస్తాయి. కర్నూలు, కడప ప్రాంతాలలో పంట కోసిన చేలల్లో రాత్రిళ్లు మంద నిలిపించుకుని కాపరికి ధాన్యమో డబ్బో ఇవ్వడం పాత ఆచారం. గొర్రెలు నిద్రపోయినందుకు కూలి ఏమిటని పట్నంవాళ్లు నవ్వవచ్చును! రైతు కొనేది పెంటికలనే కాదు, ఏ గంపలోనూ మోయలేని మూత్రాన్ని కూడా. అందులో నత్రజని మెండు. మంద లేచిన తరువాత ఆలస్యం చేయక దున్నాలి. లేకుంటే ఎండకు అది అమ్మోనియాగా ఎగిరిపోతుంది.

అయితే ఈ సారం కొత్తగా పుట్టినది కాదు. గొర్రె పగలు బీడులో, కొండవాలున మేసినదాన్ని రాత్రి చేనిలో విడుస్తున్నది. చేనికి వచ్చినది బీడుకు తగ్గినట్లే. బీళ్లు తరిగి ఉన్న కాస్త బీటిలోనే మందలన్నీ మేస్తే, చేనికి తోలేందుకు అక్కడ మాత్రం ఏమి మిగులుతుంది?

ఎండకు రాయలసీమలో కొరత లేదు. కొరత నీటికి. ఏడాదికి 600–700 మిల్లీమీటర్ల వానతో, అదీ కొద్ది నెలలలోనే, ఆకులను కుళ్లించే సూక్ష్మజీవులు వేసవి అంతా పని మానుకుంటాయి. అప్పుడు కూడా పని చేసేవి చెదలు. కొన్ని జాతులు పుట్టలో బూజు తోటలు పెంచి, దాని సాయంతో ఎండు కట్టెను జీర్ణించుకుంటాయి. తొలకరి పడగానే నేలలోని సూక్ష్మజీవులు మేల్కొని, నిలవ ఉన్న నత్రజనిని ఒక్కసారిగా విడుదల చేస్తాయి. తొలి పదునుకే విత్తాలనే తొందరకు ఇదీ ఒక కారణమే.

వేరుశనగ వేళ్ల బుడిపెలలోని రైజోబియం గాలి నుంచి నత్రజనిని పట్టి తెస్తుంది. భాస్వరానికి అటువంటి సహాయం లేదు. గాలిలో అది వాయువుగా లేదు. పిడక కాల్చినా నత్రజని పోతుందిగాని భాస్వరం బూడిదలో మిగులుతుంది. ఆ బూడిదను పెంటదిబ్బలో పోసే ఇల్లాలు దానిని తిరిగి చేనికే పంపుతున్నది.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ లెక్క చేయించవచ్చును. ఒక రైతు 500 కిలోల పప్పును అమ్మితే దానితో 2 కిలోల భాస్వరం పొలం దాటుతుంది. 16 శాతం సూపర్ ఫాస్ఫేటులో ఆ సంఖ్య భాస్వరం పెంటాక్సైడుది. అసలు భాస్వరం 7 శాతమే. అంటే ఆ లోటుకు సుమారు 29 కిలోల ఎరువు కావాలి. దాని తయారీకి కావలసిన ఫాస్ఫేటు రాయిలో అధిక భాగాన్ని మన దేశం విదేశాల నుంచి కొంటున్నది. అదే రైతు నూనెను అమ్మి, చెక్కను తన ఎద్దులకు పెట్టి, పేడను చేనికి తోలితే, ఆ 2 కిలోలలో చాలా భాగం ఊరు దాటదు.