సీలు మార్చినా చుక్క ఆగలేదా?

లారీలు, గేరుబాక్సులు, ఆయిల్ సీళ్ళు... ఇవన్నీ మన పేజీలోకి ఎలా వచ్చాయని ఆశ్చర్యపోతున్నారా? చిన్న ఊళ్ళలో ఎన్నో కుటుంబాలు ఓ పాత లారీ మీదో, మినీ లారీ మీదో బతుకుతున్నాయి. స్టీరింగు మగవారి చేతిలో ఉన్నా డీజిలు ఖర్చు, టైర్ల బాకీ, మెకానిక్ కూలీ లెక్క చూసుకునేది చాలా ఇళ్ళలో ఇల్లాలే. బండి ఆగిందంటే పొయ్యి ఆగినట్టే. అలాంటప్పుడు బండి కింద పడే ఆయిలు చుక్క మన సంగతి కాకుండా ఎలా పోతుంది?

రావులపాలెంలో ఉండే మా ఆడపడుచు సంగతే చూడండి. వాళ్ళ పాత మినీ లారీకి అరటి గెలల లోడే ఆధారం. గేరుబాక్సు వెనకనుంచి ఆయిలు కారుతోందని ఏడాదిలో మూడుసార్లు సీలు మార్పించారు. మార్చిన నెలకో, రెణ్ణెల్లకో మళ్ళీ మొదలు. "ఇది సీలు బిల్లా వదినా, పాల బిల్లా? ఎప్పుడూ కట్టడమే!" అని వాపోయింది.

ఆమెకు ప్రతి ట్రిప్పూ పుస్తకంలో రాసే అలవాటుంది. ఆ పక్కనే ఆయిలు మరకల సంగతీ రాయడం మొదలుపెట్టింది. ఊళ్ళో తిరిగిన రోజు మరక లేదు. లోడుతో దూరం వెళ్ళొచ్చిన రోజే మరక! నాలుగోసారి సీలు తెచ్చిన మెకానిక్ ముందు ఆ పుస్తకం పెట్టింది. "మీకెందుకమ్మా ఈ గోల?" అన్నాడట అతను. "డబ్బులిచ్చేది నేనే కదా బాబూ! కొత్త సీలు ఎందుకు నిలవడం లేదో చెప్పు, అప్పుడు మార్చు" అంది. అప్పుడు వెతికితే దొరికాడు అసలు దొంగ. బ్రీదరు!

కుక్కరు లాంటిదే

బ్రీదరంటే గేరుబాక్సు పైభాగంలో గాలి పోవడానికి పెట్టిన చిన్న దారి. బండి నడిచేకొద్దీ లోపలి ఆయిలూ, గాలీ వేడెక్కి వ్యాకోచిస్తాయి. ఆ ఒత్తిడి బయటికి పోయేది అందులోంచే. మట్టీ జిడ్డూ చేరి అది పూడిపోయిందనుకోండి. కుక్కరు వెయిటు కింద పప్పు పొట్టు అడ్డుపడితే ఆవిరి గాస్కెట్ పక్కనుంచి చిమ్మదూ? ఇదీ అంతే. ఎంత మంచి సీలు వేసినా దాని అంచులోంచి ఆయిలు తోసుకొస్తుంది. బ్రీదరు ఊడదీసి, కడిగి, గాలి కొట్టి బిగించాకే కొత్త సీలు వేశారు. కారడం ఆగింది.

పౌడరు పరీక్ష

అన్ని బండ్లలోనూ తప్పు బ్రీదరుదే కాదు. ముందు కారేది ఏమిటో తెలియాలి. రాత్రి బండి కింద పాత అట్టముక్క పరిచి పొద్దున్నే చూడండి. డీజిలు ఇంజనాయిలు నల్లగా ఉంటుంది. గేరాయిలు చిక్కగా, గంధకం వాసన వేస్తుంది. బ్రేకాయిలు పల్చగా ఉంటుంది. రేడియేటరు నీళ్ళలో కలిపే కూలెంటు పచ్చగానో, గులాబీ రంగులోనో ఉండి నీళ్ళలా పారుతుంది.

చుక్క పడినచోటే కారుతోందని అనుకోవద్దు. బండి పోతుంటే గాలికి ఆయిలు వెనక్కి పాకుతుంది. అందుకే బండిని సమంగా ఉన్న నేల మీద ఆపి, చక్రాలకు దిమ్మలు వేసి, చల్లారాక గేరుబాక్సు శుభ్రంగా తుడిపించండి. ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లించండి. కాస్త దూరం తిప్పి తెచ్చి చూస్తే పౌడరు మీద తడి గీత ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది. కారేది అక్కడే.

సీలు ఎందుకు నిలవదు?

సీలు పెదవి ఏళ్ళ తరబడి రాసుకుని షాఫ్టు మీదో, ఫ్లాంజి మీదో గాడి పడుతుంది. కొత్త సీలు ఆ గాడిలోనే కూర్చుంటే లాభం లేదు. పైన స్లీవు తొడగాలి, లేదా ఆ భాగమే మార్చాలి. బేరింగు అరిగితే షాఫ్టు ఊగి సీలును తినేస్తుంది. ఆయిలు మోతాదు మించినా ప్రమాదమే. చాలా పాత బండ్లలో పక్కనున్న ప్లగ్గు రంధ్రం అంచుదాకా ఉంటే చాలు. సీళ్ళను ఉబ్బించే మందులు డబ్బాల్లో దొరుకుతాయి గానీ, గాడి పడిన షాఫ్టును అవేం చేయలేవు.

చుక్కే కదా అనుకోకండి

వెనక కారితే ఆయిలు తగ్గి బేరింగులూ, గేర్లూ మాడతాయి. ఆ ఖర్చు ముందు సీలు ఖర్చు ఏపాటి? ముందువైపు కారితే మరీ ముప్పు. ఆయిలు క్లచ్ ప్లేటుకు తగిలి, లోడుతో ఘాటు ఎక్కేటప్పుడు బండి లాగదు. లోపలున్నది మనవాళ్ళే కదా!

మరో మాట. తీసిన పాత ఆయిలు కాల్వలోనో, పెరట్లోనో పోయనివ్వకండి. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. దాన్ని శుద్ధి చేసే అనుమతి ఉన్నవారికే చేరాలి.

ఇక ఈసారి సీలు బిల్లు వస్తే మూడే ప్రశ్నలు అడగండి. బ్రీదరు శుభ్రం చేశారా? షాఫ్టు మీద గాడి ఉందా? బేరింగు ఊగుతోందా? వీటికి జవాబు చెప్పాకే డబ్బులు లెక్కపెట్టండి.